ఉప్పు చూసిన నాలుక

కేటాలో ఇసుక ఎక్కడ తవ్వినా ఉప్పే. ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుకయ్య, మరేముంటుంది! ఆ ఇసుకతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి, ఉబ్బి, గోడను లోపల్నించే పగలగొడతాయి. అందుకే మేస్త్రీ అగ్బెకో ఇసుకను వాననీళ్లతో మూడుసార్లు కడిగేవాడు. కడిగాక చిటికెడు నాలుక మీద వేసుకుని, చప్పగా ఉంటేనే తాపీ పట్టేవాడు. ముప్పై ఏళ్లలో అతను కట్టిన ఏ ఇంటికీ బీట పడలేదు.

ఏడేళ్ల కిందట విషజ్వరం వచ్చి అతని నాలుకకు రుచి పోయింది. ఆ సంగతి భార్య ఎన్యోనం ఒక్కతే పసిగట్టింది, అతను చేపల పులుసులో రెండోసారి ఉప్పు వేసుకుంటుంటే.

"రుచి తెలీని మేస్త్రీని ఎవరు పిలుస్తారే?" అని అతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నా నాలుకకేం రోగమొచ్చింది?" అని కసిరిందామె.

అప్పట్నించీ మధ్యాహ్నం తిండికి అక్ప్లే ముద్ద తెచ్చే వంకతో పని దగ్గరికొచ్చేది. ఎవరూ చూడకుండా ఇసుక నోట్లో వేసుకుని ఉమ్మేది. "ఉప్పే. ఇంకోసారి కడుగు" అనేది, లేకపోతే తలూపేది.

నాలుగేళ్ల కిందట ఆమె పోయింది. సమాధి తనే కడతానన్నాడు. ఆ ఏడు వానల్లేవు, తొట్టిలో వాననీళ్లు అడుగంటాయి. మూడో కడుగుకి గత్యంతరం లేక, ఎంత ఉప్పో తెలీని బావినీళ్లు పోశాడు. చిటికెడు నాలుక మీద వేసుకుంటే ఏమీ తెలియలేదు. చుట్టూ బంధువులు. ఎవరినైనా చూడమంటే గుట్టు రట్టవుతుంది.

"చప్పగానే ఉంది" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ తాపీ ముట్టలేదు. పెళ్లాం పోయిన దిగులనుకున్నారు జనం.

ఈ ఏడు సమాధికి సున్నం వేయడానికి మరదలు యావా వచ్చింది. పలక మీద చువ్వ పొడవునా బీట, అందులోంచి కారిన తుప్పు చార. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, అగ్బెకో రచ్చ గెలిచి ఇంట ఓడాడు.

"ఊరందరికీ ఉక్కు ఇళ్లు కట్టావు. మా అక్క దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా బావా? సముద్రపు గాలి అని మాత్రం చెప్పకు!"

అతను సరిగ్గా అదే చెప్పబోయాడు. కానీ ఆ మాట మింగేసి, నాలుక సంగతంతా చెప్పేశాడు.

"ఎప్పుడు చూసినా అక్క పళ్ల మధ్య ఇసుక. గుల్లలు తిన్నానే అనేది, దొంగది" అని యావా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

వానలు పడ్డాక అగ్బెకో పలక పగలగొట్టాడు. కొత్త చువ్వలు పరిచి, కింద రాతిముక్కలు పెట్టి ఎత్తాడు, అడుగుకి తగలకుండా. ఇసుక మూడుసార్లు కడిగి, పిడికెడు తీసి, బంధువులందరి ముందూ యావాకి చాపాడు.

"నాకు రుచి తెలీదు. ఇన్నాళ్లూ మీ అక్కే చూసింది. నువ్వు చూడమ్మా."

జనం గుసగుసలాడారు. ఆమె నోట్లో వేసుకుని, ఉమ్మింది.

"ఉప్పే. ఇంకోసారి కడుగు."

అక్కాచెల్లెళ్లది ఒకటే గొంతు. అగ్బెకో ఇసుక మీదే కూలబడి, ఎన్యోనం పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చాడు. తర్వాత లేచి, కడవ అందుకుని ఇంకోసారి కడిగాడు.