పదకొండు నిమిషాల తొందర

తెల్లారి ఆరింటికల్లా ఫాంజ తన టాక్సీని అంబుహిజాతువు స్టాండులో వరసలో పెట్టేస్తుంది. మూల బండి దగ్గర రెండు బియ్యప్పిండి రొట్టెలు, గ్లాసు కాఫీ తీసుకుంటుంది. టాంకు బదులు పెట్రోలు పోసుకునే ప్లాస్టిక్ సీసా కాళ్ళ దగ్గరే ఉంటుంది. అందులో ఎంత మిగిలిందో చూసి, ఎన్ని కిలోమీటర్లు వస్తుందో మొదటి రొట్టె నమిలేలోగా లెక్కగట్టేస్తుంది. దిగుడు వస్తే ఇంజిన్ ఆపేసి జారిపోతుంది. అంతననరివు నగరంలో టాక్సీవాళ్ళంతా చేసే పనే అది.

కత్రెల్ అనే మీగడ రంగు ఫ్రెంచి కారు అది, డెబ్బై నాలుగు నాటిది. మేనమామ పోతూ పోతూ దాన్ని ఫాంజకిచ్చాడు. మర్నాడే ఆమె బట్టల ఫ్యాక్టరీలో పని మానేసింది. అక్కడ రోజుకి నాలుగు వందల ఎనభై ప్యాంటు జేబులు కుట్టేది. ఈ ఇంజిన్ పట్టేసిందంటే మళ్ళీ ఆ జేబులే గతి.

ఆమె భయమల్లా ఆయిల్ గురించే. పాత కారు కదా, ఆయిల్ సంగతి చెప్పడానికి ఒక ఎర్ర దీపం తప్ప ఇంకేమీ లేదు. అది వెలిగేసరికి చాలాసార్లు అంతా అయిపోయి ఉంటుంది. అందుకే అక్టోబరులో, జకరండా పూలు రోడ్డు నిండా రాలే రోజుల్లో, పాత సామాన్ల బజారుకెళ్ళి ఇత్తడి చట్రమున్న ఆయిల్ ప్రెషర్ గేజీ ఒకటి కొనుక్కొచ్చింది.

స్టాండులోనే బిగించింది. ఇంజిను పక్కనున్న దీపం స్విచ్చి విప్పి, ఆ చోట మూడు మూతుల జాయింటు పెట్టింది. ఒక మూతికి పాత స్విచ్చి, ఇంకో మూతికి సన్నటి రాగి గొట్టం. ఇంజినుకీ తన కాళ్ళకీ మధ్యనున్న రేకుకి బెజ్జం వేసి గొట్టాన్ని లోపలికి లాగి గేజీకి తగిలించింది. ఆ బెజ్జం అంచు గొట్టాన్ని కోసేయకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి. ముక్క కత్తిరించి చేతిలో పట్టుకుంది కూడా.

సరిగ్గా అప్పుడే, ఇంజిన్ స్టార్టు చేయకుండానే, సూది లేచి మూడున్నర మీద నిలబడింది.

"ఇదేంటి రలాంబు మామా, ఇంజిన్ ఆపే ఉంది కదా!"

వెనక టాక్సీ రలాంబు తొంగిచూశాడు. "ముందే చెప్తోందన్నమాట. టైమెంతయిందో రాసుకో."

తొమ్మిదీ పద్నాలుగు. ఆమె ఇంకా గొట్టాన్ని అటూ ఇటూ తడిమి చూస్తుండగానే నాలుగు కోళ్ళతో ఓ కుటుంబం వచ్చి ఎక్కేసింది. హడావుడిగా బానెట్ మూసి తాళం తిప్పింది. తొమ్మిదీ ఇరవై అయిదు. ట్యూబు ముక్క జేబులో ఉండిపోయింది.

తర్వాత బజారుకెళ్ళి అమ్మిన ముసలాయన్ని అడిగింది.

"పాత రైలుబండిది తల్లీ," అన్నాడాయన. "బతికినన్నాళ్ళూ ఆ రైలు ఆలస్యంగానే వచ్చింది. పాపం, ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటోంది."

అప్పట్నించీ ఫాంజకి నిలకడ పోయింది. దీపం ఇప్పటి సంగతి చెబుతుంది, సూది పదకొండు నిమిషాల తర్వాతది. సూది లేస్తే బేరం వస్తున్నట్టే. చేతిలో రొట్టె సగంలో ఉన్నా పారేసి స్టీరింగు పట్టుకునేది.

"నీ సూది లేచింది, నువ్వూ లే పిల్లా!" అని స్టాండంతా ఆటపట్టించేది.

"నీ బేరం వచ్చేలోగా నేనో కునుకు తీసి లేస్తా," అనేవాడు రలాంబు.

ఆమెకి నవ్వొచ్చేది కాదు. సూది పడుకుని ఉంటే ఎందుకు లేవడం లేదని బెంగ. లేస్తే కాలు నిలవదు. ట్యూబు ముక్క రేపు పెడదామనుకునేది. ఆ రేపు వచ్చేసరికి సూది లేచి ఉండేది.

జనవరిలో ఓ మధ్యాహ్నం జోరున వాన. రనైవు అనే బాకా ఊదే పెద్దాయన ఎర్ర కోటు, గడ్డి టోపీతో ఎక్కాడు. మూడున్నరకి అంబుహిమాంగలో రెండు మేళాల పోటీ ఉందట.

"అమ్మాయ్, మనకంటే ముందు అవతలి మేళంవాళ్ళు పాట ఎత్తుకున్నారంటే నా పరువు గంగలో కలిసినట్టే!"

"తీసుకెళ్తాను బాబాయ్ గారూ. కారులో మాత్రం ఊదకండి, అద్దాలు ఊడతాయి."

ఊరు దాటాక, రెండూ ఇరవై ఒకటికి, సూది సున్నాకి పడింది.

ముందు దిగుడు ఉందేమోననుకుంది. అదే అయితే సూది నిమిషంలో మళ్ళీ లేవాలి. లేవలేదు. రెండు నిమిషాలు. మూడు. గంటకి ముప్ఫై చొప్పున పదకొండు నిమిషాలకి అయిదున్నర కిలోమీటర్లు. అంటే సరిగ్గా కొండ ఎత్తు మధ్యలో. ఎర్ర దీపం ఇంకా వెలగలేదు. ఆమె కళ్ళ ముందు జేబులు, వరసగా జేబులు.

"ఏమ్మా, అలా అయిపోయావు?"

"ఇంకో ఏడు నిమిషాల్లో ఇంజిన్ ఆగిపోతుంది బాబాయ్ గారూ."

"అయ్యో. స్టాండులో అంటుంటారే, ఆ గేజీ చెప్పిందా?"

"చెప్పింది."

ఆయన గడియారం చూసుకుని గడ్డం నిమురుకున్నాడు. "ఎందుకు ఆగుతుందో చెప్పిందా మరి?"

ఫాంజ సూది వంక చూసింది. చెప్పలేదు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఎందుకో చెప్పలేదు. ఎప్పుడన్నదే చెప్పింది.

ఆమె నెమ్మదిగా నడిపింది. ఎత్తు మొదలయ్యేచోట చదునుగా ఓ కొట్టు ముందు జాగా కనబడింది. కారు పక్కకి తీసి, గడియారం మీద చూపు నిలిపి, రెండూ ముప్ఫై రెండు కాగానే తన చేత్తోనే తాళం తిప్పేసింది. ఇంజిన్ మామూలుగా ఆగింది.

బానెట్ ఎత్తింది. రనైవు వచ్చి తన గడ్డి టోపీ ఇంజిను మీద గొడుగులా పట్టాడు. రేకు బెజ్జం దగ్గర రాగి గొట్టం మీద ఓ నల్లటి బొట్టు. వేలితో తాకగానే గొట్టం పుటుక్కున రెండైంది. మూడు నెలలుగా అంచు దాన్ని కోస్తూనే ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు తెగి ఉంటే ఉన్న ఆయిలంతా రోడ్డుపాలయ్యేది.

జాయింటు విప్పి, దీపం స్విచ్చిని దాని పాత చోటే బిగించింది. తాళం తిప్పింది. ఎర్ర దీపం వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోయింది. గొట్టం లేని సూది సున్నాలోనే పడుకుంది.

"ఇందాకట్నించీ ఇదా చెప్పింది!" అంది ఫాంజ. చాలా రోజులకి నవ్వొచ్చింది.

"తర్వాత నవ్వుదువు గానీ, ముందు పోనీ!" అన్నాడు రనైవు.

మేళం మొదలవడానికి నాలుగు నిమిషాల ముందు దించింది.

మర్నాడు కొత్త గొట్టం కొని, ట్యూబు ముక్క దానికి చుట్టి సీటు కింద పెట్టింది.

"బిగించవా?" అన్నాడు రలాంబు.

"రేపు బిగిస్తాలే."

మొదటి రొట్టె పూర్తిగా తింది. రెండోది కూడా. కాఫీ అడుగున మిగిలిన పంచదార వేలితో తీసి నాకుతుండగా టాక్సీ కోసం ఎవరో అద్దం మీద టకటకా కొట్టారు. ఫాంజ ఉలిక్కిపడింది.