రా అన్నాడో, పో అన్నాడో

పొద్దున్నే టీ గిన్నె పొయ్యిమీద పెట్టే ముందు డేవిడ్‌రాజు వీధి గుమ్మంలోకి వచ్చి అరుగు మీద ఎవరెవరున్నారో చూసుకుంటాడు. భార్య కాంతం ముందురోజు కథలో ఎవరిని రాస్తే వాళ్ళు తెల్లారేసరికి సరుగుడు తోట వైపు నుంచి ఇసకలో నడుచుకుంటూ వచ్చి అక్కడ కూర్చుంటారు. కథ అయిపోయేదాకా ఉండి, వచ్చిన దారినే వెళ్ళిపోతారు. భావనపాడులో ఇదేమీ వింత కాదు. కాంతం పెళ్ళి కథ మొదలెట్టిందంటే కొట్టు నరసమ్మ పంచదార మరో బస్తా తెప్పించి పెట్టుకుంటుంది.

డేవిడ్‌రాజు కోటబొమ్మాళి దగ్గర రైల్వే గేటు వేసి తీసి రిటైరైన మనిషి. కథల మంచిచెడ్డలు తనకు తెలీవంటాడు గానీ, అడుగుల గుర్తులు చూసి చెప్పేస్తాడు. కాంతం బాగా రాసినవాళ్ళు నడిస్తే ఇసకలో మడమ దిగుతుంది. ఒకసారి ఆవిడ రాసిన మంత్రసాని ముసలమ్మ వచ్చి కూర్చుంటే నులకమంచం పుటుక్కున తెగింది. "అంత బరువుగా రాసింది మా ఇంటావిడ!" అని ఆ తెగిన నులక ఊరంతా తిప్పి చూపించాడు.

ఈసారి ఇద్దరు వచ్చారు. హీరో పేరు గోవింద్. తెల్లచొక్కా, చెదరని చిరునవ్వు. విలన్ పేరు ఎర్రన్న. గుబురు మీసాలు, ఎర్రటి కళ్ళు. ఇద్దరి వెనకా ఇసక నున్నగా ఉంది, ఒక్క అడుగూ పడలేదు. సముద్రం గాలి కొట్టేసరికి ఎగిరి గోడకి అతుక్కుపోయారు. డేవిడ్‌రాజు పరుగున వెళ్ళి ఎర్రన్న లుంగీ అంచు మీద సన్నికల్లు పెట్టాడు.

"టీ తాగుతావేటి నాయనా?"

"తాగాలనుందో లేదో తెలీదు బాబూ. ఆవిడ రాయలేదు," అన్నాడు ఎర్రన్న. "గోవింద్ నీళ్ళల్లో మునిగిపోతంటే నాను పడవ ఎనక్కి తిప్పలేదట. ఎందుకు తిప్పలేదో అమ్మగార్ని కాస్త సెప్పమనండి. కారణం లేకుండా నిలబళ్ళేకపోతన్నాను."

డేవిడ్‌రాజుకి అది ఎవరి కథో అర్థమైంది. ఆ పెద్ద తుపాను ఏడాది కాంతం తమ్ముడు ఎజ్రా, స్నేహితుడు నరసింగరావుతో చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. నరసింగరావు ఒక్కడే ఒడ్డుకి వచ్చాడు. అప్పటినుంచి అతని పడవ ఎవరూ ఎక్కరు. ఒంటరిగా సముద్రానికి ఎలా పోతాడు? పడవ బోర్లించి, ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసుకు బతుకుతున్నాడు. చేపలమ్మే కూర్మమ్మయితే, అతను ఎదురైతే గంప దించి వెనక్కి తిరిగిపోతుంది. కాంతం ఆ వీధి వైపే వెళ్ళలేదు.

డేవిడ్‌రాజు లోపలికి వెళ్ళి సంగతి చెప్పాడు.

"సెడ్డోడికి కారణమేటి? సెడ్డోడు గనక తిప్పలేదు," అంది కాంతం.

"అలాగైతే ఈణ్ణి గాలి ఎత్తుకుపోతాది. ఆ గోవింద్‌ని కూడా. మన ఎజ్రా అలగుండేవాడేటే? పేకాటలో ముక్కలు దాసీవోడు. తుపాను జెండా ఎగరేసినా ఎవరి మాటా ఇన్లేదు. వద్దన్నోళ్ళని పిరికోళ్ళని ఎక్కిరించి మరీ ఎల్లినాడు. నువ్వు ఆణ్ణి ఉతికి ఉతికి ఆరేసినావు కాంతం. ఆడి వాసనే లేదు."

కాంతం మొహం ఎర్రబడింది. మధ్యాహ్నం అన్నం ఎవరికి వాళ్ళే వడ్డించుకు తిన్నారు. ఆ తర్వాత గొడుగు తీసుకుని బయల్దేరింది.

"ఎక్కడికే?"

"నరసింగరావింటికి."

డేవిడ్‌రాజు గబగబా చెప్పులేసుకున్నాడు. ఎర్రన్న గాలికి కొట్టుకుపోకుండా చొక్కా పట్టుకుని తనూ వెంట నడిచాడు.

నరసింగరావు చూరు నీడన వల అల్లుతున్నాడు. కాంతాన్ని చూసి లేచి నిలబడ్డాడు. అతని భార్య దుర్గ చాప తెచ్చి పరిచింది. కాంతం కూర్చోలేదు.

"ఎందుకు తిప్పలేదని నానడగను. అది ఊరంతా అడిగింది. ఆవేళ నీకు ఏటినబడ్డాదో సెప్పు."

నరసింగరావు చేతిలో వలదారం అలాగే ఉండిపోయింది. ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు.

"ఎజ్రా కేకేసినాడప్పా. నీళ్ళలోంచి సెయ్యెత్తి కేకేసినాడు. 'రా' అన్నాడో, 'పో' అన్నాడో... గాలి. నాకు భయమేసింది. భయంలో 'పో' అన్నట్టే ఇనబడ్డాది. కొంత దూరమొచ్చాక, కాదు, 'రా' అన్నాడేమో అనిపించి తిప్పినాను. అప్పటికి అక్కడ నీళ్ళే ఉన్నాయి. ఇప్పటికీ తెలీదప్పా. రోజూ ఇంటన్నాను. తెలీదు."

కాంతం అప్పుడు చాప మీద కూర్చుంది.

ఆ సాయంత్రం ఆవిడ రాస్తుంటే డేవిడ్‌రాజు గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయాడు. రాసింది కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఎర్రన్నని వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. ఆ కేక ఎలా వినబడిందో అలాగే రాసింది. గోవింద్ మొండితనం రాస్తున్నప్పుడు మాత్రం పెదవి కొరుక్కుంది. సొంత తమ్ముడి తప్పు, చేతులారా రాయడమంటే మాటలా! ఇన్నేళ్ళు కాపురం చేసినా ఈ మనిషిలో ఇంత గుండె ఉందని తనకి తెలీలేదే అనుకున్నాడు డేవిడ్‌రాజు.

తెల్లారి అరుగు దడదడలాడింది. ఎర్రన్న మడమలు దిగిన గుంటల్లో నీళ్ళూరుతున్నాయి. గోవింద్ సరాసరి వంటింట్లోకి వచ్చి, వేయిస్తున్న చేపముక్క పెనం మీంచే లాక్కుని, వేళ్ళు కాలి, ఎగురుతూ పకపకా నవ్వాడు. అది అచ్చం ఎజ్రా నవ్వు. కాంతం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో.

కథ పూర్తయిన రోజు గోవింద్ సరుగుడు తోట వైపు వెళ్ళిపోయాడు. ఎర్రన్న వెళ్ళలేదు. తిన్నగా ఒడ్డుకి పోయి, బోర్లించిన పడవకి భుజం ఆనించి కేకేశాడు.

"నరసింగు మావా! ఒక సెయ్యెయ్యి."

ఒడ్డున వల బాగుచేస్తున్న నరసింగరావు లేచి అక్కడే నిలబడ్డాడు. "నాతో ఎవులూ రారు."

"నువ్వేటిన్నావో నాకు తెలుసు. నాను కూడా ఇన్నాను. అందుకే వస్తన్నాను."

ఎర్రన్న వెనకే వచ్చిన కాంతం చెప్పులు విడిచి పడవకి చెయ్యేసింది. డేవిడ్‌రాజు వేశాడు, దుర్గ వేసింది. పడవ పక్కకి దొర్లి, నీళ్ళలోకి జారింది.

మధ్యాహ్నానికి కవళ్ళ చేపలు నింపుకుని వెనక్కి వచ్చింది. ఒడ్డున జనం మూగారు గానీ ఎవరూ దగ్గరకి పోలేదు. ఎర్రన్న చేపలు ఇసకలో కుమ్మరించి పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు కూర్మమ్మ గంపతో ముందుకొచ్చింది. ఒక చేపని ఎత్తి, మొప్ప తెరిచి చూసింది. ఇంకోటి చూసింది. బేరం మాత్రం ఆడలేదు.

"ఒరే నరసింగా," అంది, చేపల వైపే చూస్తూ. "మా కుర్రోడు నాగబాబు ఊరికే ఉన్నాడు. రేపు ఆణ్ణి కూడా ఎక్కించుకో."

నరసింగరావు వంగి పడవలోని వల దులపడం మొదలెట్టాడు.

"కోడి కూసే ఏళకి రమ్మను పిన్నీ," అన్నాడు.