హాజీగారి కుట్టు తనిఖీ

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా హాజీగారి దగ్గర ఆ మాట సగమే నిజం. అక్కడ వినేవాళ్లే తమంతట తాము లోకువైపోయి, ఆయన గొంతు సవరించుకున్నా తల ఊపేవాళ్లు. అందులో మొదటి తల మా ఆయనది.

హాజీగారికి సిమెంటు, ఇనుప ఊచల కొట్టుంది. ఆయన మొదట్లో తానొక్కడే మూడుసార్లు హజ్ యాత్ర చేసి వచ్చాడు. ఆ తర్వాత అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది, ఆయనకి కావలసిందీ అదే. ఏటా ఓ జట్టుని కూడగట్టి తీసుకెళ్తాడు. బయల్దేరే ముందు కొట్టుపైన హాల్లో పాఠాలు చెప్తాడు. మా మసీదులో చదువుకున్న మౌల్వీగారు ఒకరున్నారు, నెమ్మదస్తుడు. ఆయన్ని పిలిచి మొదట దువా ప్రార్థన చేయించి, టీ ఇచ్చి, మెట్లదాకా సాగనంపి వచ్చి మైకు తానే పట్టుకుంటాడు హాజీగారు. ధర్మం మౌల్వీగారికి తెలుసు, మైకు మాత్రం హాజీగారిది.

మా ఆయన దర్జీ. మీసాలు రాకముందు నుంచీ మిషను తొక్కుతున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఎవరు కసిరినా "అలాగేనండీ" అంటాడు. పైగా చాలా ఏళ్లుగా సుగరుంది. అది ఆయన పాదాల్లో స్పర్శ తినేసింది. యాత్రకి ముందొకసారి తన కొట్లో గుండుసూది అరికాల్లో దిగితే తెలియలేదు, దానితోనే పొద్దంతా మిషను తొక్కాడు. సాయంత్రం గచ్చుమీద రక్తపు చుక్కలు చూసి నేను కాలు పట్టుకుంటే "ఏంటే, ఏమైంది" అని నన్నే అడిగాడు. ఆ కాళ్లు ఆడితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కాబట్టి మేమిద్దరం హాజీగారి జట్టులో చేరాక నాకున్న భయం ఒక్కటే, ఆ రెండు పాదాలు వెళ్లినట్టే తిరిగి రావాలి.

పాఠాల్లో ఒకరోజు ఆస్పత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. టీకాలు ముందే వేయించుకోవాలని, ఎండలో గొడుగు వాడాలని, దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలని చెప్పింది. "సుగరున్నవాళ్లు ఒక్క అడుగు కూడా ఒట్టికాళ్లతో వెయ్యకండి. నేల కాలుతుంటే మీకు తెలీదు" అంది. నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. ఆ పిల్ల ఇంకా మెట్లు దిగుతూనే ఉంది, హాజీగారు మైకు లాక్కున్నాడు.

"ఇవన్నీ మంచి మాటలే. కానీ అల్లా ఇంటికి వెళ్లేవాడికి అల్లాయే కాపలా. ఇన్ని భయాలున్నవాడు ఇంట్లోనే కూచోవచ్చు."

హాలంతా తలూపింది. నా పక్కనున్న తల కూడా ఊగింది. నేనే పిచ్చిదాన్నై, మర్నాడు కాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి ఆయన రాసిచ్చిన చెప్పులు కొన్నాను. దళసరి అడుగు, లోపల మెత్త, జారిపోకుండా రెండు పట్టీలు. చీలమండలు బయటికే ఉంటాయి, యాత్రలో మగవాళ్లకి ఉండాల్సింది అదే కదా. ఊడిపోకుండా అడుగు అంచు చుట్టూ దారంతో కుట్టి ఉంది. మా కొంప ముంచింది ఆ దారమే.

యాత్ర దీక్షలో మగవాళ్లు కుట్టిన బట్టలు వేసుకోకూడదు, రెండు తెల్లటి గుడ్డలు చుట్టుకోవాలి. దాన్నే ఇహ్రాం అంటారు. కుట్టిన బట్ట అంటే ఏమిటో హాజీగారు మౌల్వీగారిని ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు. ఆయన లెక్కలో కుట్టు అంటే కుట్టే, ఎక్కడ దారం కనబడితే అక్కడ పాపం. యాత్రకి చేరుకున్నాక, అక్కడి హోటల్లో లిఫ్టు ముందు నిలబడి తనిఖీ మొదలుపెట్టాడు. ముందు గుడ్డల అంచులు చూశాడు. అంచు మడిచి కుట్టి ఉంటే విప్పమన్నాడు. విప్పడానికి మనిషి కావాలి కదా, మా ఆయన ఉన్నాడు. పెద్దపెద్దవాళ్లు వరసలో నిలబడితే మా ఆయన కింద కూచుని అందరి అంచులూ చిన్న కత్తెరతో విప్పాడు. జన్మంతా కుట్టిన మనిషి ఆ పూట విప్పుడు పనిలో ఎంత మురిసిపోయాడో చెప్పలేను. కాసేపటికి పోగులు ఊడిన గుడ్డలు ఈడ్చుకుంటూ మా జట్టు మొత్తం పీచు రేగిన కొబ్బరికాయల్లా తయారైంది.

చివర్లో హాజీగారి కళ్లు మా ఆయన కాళ్ల మీద పడ్డాయి. వంగి ఒక చెప్పు తీయించి, అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"చూడండి. మనందరి కుట్టూ విప్పిన దర్జీగారు తన కాళ్లకి మాత్రం కుట్టు పెట్టుకున్నారు."

నలుగురు నవ్వారు. మా ఆయన మొహం కందగడ్డైంది. నేను ఆడవాళ్ల వరసలోంచి ముందుకి వచ్చాను.

"అన్నా, అవి డాక్టరు ఇచ్చినవి. ఆయనకి సుగరు. కాళ్లకి స్పర్శ లేదు."

"డాక్టరుకి వైద్యం తెలుసమ్మా, హజ్ తెలీదు."

"మరి మీ నడుముకున్న డబ్బుల బెల్టుకీ కుట్టుంది కదా."

ఆయన బెల్టు మీద చెయ్యి వేసుకున్నాడు. "అది బట్ట కాదు, సంచి."

"ఇదీ బట్ట కాదు, చెప్పు."

"ఇవి ఆడవాళ్లకి అర్థమయ్యే విషయాలు కావు" అని, హాజీగారు తన సంచిలోంచి పల్చటి రబ్బరు చెప్పుల జత తీసి మా ఆయన ముందు పడేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం. మా ఆయన ఆ రబ్బరు చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. డాక్టరు చెప్పుల్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు, నా మొహం చూడలేదు.

గదిలోకి వెళ్లాక అరిచాను, బతిమాలాను. వీధి వీధికీ సందేహాలు తీర్చే పండితులు కూచుని ఉన్నారు, ఎవరినైనా అడుగుదాం రమ్మన్నాను. ఆయన గోడవైపు తిరిగి "ఇంతదూరం వచ్చి హజ్ పాడుచేసుకోమంటావా" అన్నాడు. గుడ్డలోంచి చెప్పులు తీసి ఆయన సంచి అడుగున దోపాను. బుద్ధి పుట్టి వేసుకుంటాడేమోనని నా ఆశ.

గుడారాల మైదానంలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. సైతానుకి గుర్తుగా నిలిపిన స్తంభాల మీద రాళ్లు వేసే చోటుకి ఎవరి జట్టుతో వాళ్లు నడవాలి. మా ఆడవాళ్లం గొడుగులు వేసుకుని పొద్దున్నే వెళ్లొచ్చాం. మగవాళ్లని హాజీగారు మిట్టమధ్యాహ్నం బయల్దేరదీశాడు. ఎందుకయ్యా అంటే, ఆయన మొదటిసారి వచ్చినప్పుడు అదే సమయానికి వెళ్లాడట. గొడుగులు కూడా వద్దన్నాడట, తల కప్పుకోకూడదు కదా అని. తలకి తగలని గొడుగు తల కప్పడం ఎలా అవుతుందని అడిగే మగాడు ఆ జట్టులో ఒక్కడు లేకపోయాడు.

దారిలో జనం తొక్కిడికి మా ఆయన రబ్బరు చెప్పు పట్టీ తెగిపోయింది. రెండోది కూడా అక్కడే వదిలేశాడు. భుజాన ఉన్న సంచిలో డాక్టరు చెప్పులున్నాయి, చెయ్యి పెడితే అందుతాయి. "ఒట్టికాళ్లతో నడిస్తే ఇంకా పుణ్యం" అన్నాడట హాజీగారు, తన కాళ్లకి చెప్పులు పెట్టుకుని. నిప్పులా కాలే తారు రోడ్డు మీద మా ఆయన అలాగే వెళ్లి, అలాగే తిరిగొచ్చాడు.

నేను కుళాయిల దగ్గర సీసాలో నీళ్లు పట్టుకుంటున్నాను. ఆయన నవ్వుతూ వచ్చాడు.

"అయిపోయిందే. రాళ్లన్నీ సరిగ్గా తగిలాయి" అన్నాడు.

ఆయన వెనక సిమెంటు నేల మీద అడుగులు కనబడుతున్నాయి. తడి అడుగులనుకున్నాను. ఆయన ఇంకా కుళాయి దాకా రానేలేదని ఒక్క క్షణం ఆగాక అర్థమైంది. కూచోబెట్టి కాలు ఎత్తి చూశాను. కుడి అరికాలి చర్మం వేళ్ల దగ్గర్నుంచి మడమ దాకా ఊడి వేలాడుతోంది. నేను కెవ్వుమన్నాను. ఆయన మాత్రం పక్కవాడి కాలు చూసినట్టు వంగి చూసి, "అరే" అన్నాడు. అంతే. నొప్పి కూడా దయ తలచని పాదం అది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాం, మా ఇంట్లో కాళ్లు కాలాయి. వైద్య శిబిరంలో డాక్టరమ్మ కట్టు కడుతూ, చెప్పులేవని అడిగింది. నేను సంచి అడుగునుంచి తీసి చూపించాను. ఆవిడ నా వంకా ఆయన వంకా చూసి మళ్లీ కట్టు మీదికి వంగింది. మిగిలిన కార్యాలన్నీ చక్రాల కుర్చీలో అయ్యాయి. తొయ్యడం నా వంతు.

శిబిరం పక్కనే మన భాష వచ్చిన పండితుడొకాయన కూచున్నాడు, తెల్ల గడ్డం పెద్దాయన. ఒక చెప్పు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి అడిగాను. ఆయన తిప్పి చూసి, తన కాలు ముందుకి చాపాడు. ఆయన చెప్పు అంచుకీ వరసగా కుట్టుంది.

"కుట్టిన బట్ట అంటే ఒంటి కొలతకి కత్తిరించి కుట్టిన చొక్కా, పాంటు లాంటిదమ్మా. చెప్పుకి దారం ఉంటే ఏమైంది. ఒకవేళ నిజంగా కూడనిదే అనుకో, రోగికి అవసరమైతే వాడుకుని ఆనక పరిహారం ఇచ్చుకోవచ్చు. దారి పెట్టే ఉంది. కాలు పోగొట్టుకోమని ఎవరూ అడగలేదు."

ఆ మాటే తీసుకెళ్లి హాజీగారికి అప్పచెప్పాను. ఆయన కాసేపు గడ్డం దువ్వుకున్నాడు. "నేను జాగ్రత్త కోసం చెప్పానమ్మా" అన్నాడు. జాగ్రత్తట. ఊచలు తూచేటప్పుడు లేని జాగ్రత్త మా ఆయన కాళ్ల దగ్గర పుట్టుకొచ్చింది.

ఇంటికొచ్చాక పుండు ముదిరి కుడికాలి బొటనవేలు, పక్క వేలు తీసేశారు. మిషను తొక్కే కాలది. ఇప్పుడు మిషనుకి మోటారు పెట్టుకుని, ఎడమకాలితో మీట నొక్కుతూ సగం పని చేస్తున్నాడు. నేను ఆయనతో మంచిగా మాట్లాడలేదు. మందులిచ్చాను, కట్టు మార్చాను, అన్నం పెట్టాను, మాట మాత్రం మంచిగా రాలేదు. అంత కోపం నాకు.

మళ్లీ పాఠాల కాలం వచ్చింది. ఒకరోజు హాజీగారు మా ఇంటికొచ్చి కుర్చీ లాక్కుని కూచున్నాడు. నేను టీ పెట్టలేదు.

"తమ్ముడూ, ఈసారి నువ్వు వేదిక మీద కూచోవాలి. అల్లా దారిలో వేళ్లిచ్చిన మనిషివి. కొత్తవాళ్లు నిన్ను చూడాలి, త్యాగమంటే ఏంటో తెలియాలి."

కాళ్లు కాల్చింది చాలక, ఆ కాళ్లని బొమ్మల కొలువు పెడతాడట. మా ఆయన ఏమన్నాడో తెలుసా. "అలాగేనండీ" అన్నాడు. ఆదివారం నాడు చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. ఆ చొక్కా చూస్తే నాకు ఒళ్లు మండింది. ఇద్దరి పరువూ అక్కడే కడిగేద్దామని వెనకే వెళ్లి కూచున్నాను.

హాలు నిండిపోయింది. హాజీగారు లేచి త్యాగం గురించి దంచాడు, మా ఆయన కాలి వైపు చూపించాడు, తర్వాత మైకు ఆయన చేతికిచ్చాడు. నేను లేవబోయాను. మా ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నాకు మాట్లాడటం రాదు. హాజీగారు చెప్పిన త్యాగమేదీ నేను చెయ్యలేదు. చెప్పు అంచున దారముంటే అది చొక్కా అయిపోదు. ఆ సంగతి దర్జీకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రోజే నాకు తెలుసు. కాళ్లు కాలతాయనీ తెలుసు, మా ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. మరి ఎందుకు విప్పానంటే, ఈయన నా చెప్పు అందరిలో పైకెత్తాడు. అందరూ నవ్వారు. అల్లాకి భయపడి విప్పలేదు నేను. ఈయనకి భయపడి విప్పాను."

హాజీగారి చెయ్యి మైకు కోసం వచ్చింది. మా ఆయన మైకు రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"అల్లా ఇంటిముందు నిలబడి కూడా హాజీగారు నన్ను చూస్తున్నారా అనే చూసుకున్నాను. వేళ్లు పోయినందుకు కాదు నా ఏడుపు. దానికి. మీలో సుగరున్నవాళ్లు ఎవరో చేతులెత్తండి. సిగ్గుపడకండి. సిగ్గుపడితే ఏమవుతుందో నా కాలు చూడండి."

హాజీగారు గోడ దగ్గరికి వెళ్లి మైకు స్విచ్చి ఆపేశాడు. "టైమైపోయింది" అన్నాడు. మా ఆయన ఆపలేదు. ఎడమకాలి మీద బరువు మోపుకుని, మూగబోయిన మైకుని బల్లమీద పెట్టి, కొట్లో కొలతలు చెప్పే గొంతుతో చెప్పుల సంగతి, గొడుగు సంగతి, టీకాల సంగతి ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. ఇంత కాలం కాపురంలో ఆయన ఎవరి మాటకీ అడ్డం వెళ్లడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు, అయినా ఏడుపొచ్చింది.

ఆయన గొంతు రెండో వరస దాటదు. వెనక కూచున్నవాళ్లు ఒక్కొక్కరే కుర్చీలెత్తుకుని ముందుకి రావడం మొదలుపెట్టారు.