కరుణాకర్ ఆటో

మిరప కోతలకు వెళ్లే ఆటో బోల్తా పడి రెబ్కా కూతురు మహిమ చనిపోయి రెండేళ్లయింది. నడిపింది రెబ్కా వాళ్ల పేటలోనే పుట్టి పెరిగిన కరుణాకర్. ఫోను మాట్లాడుతూ పర్చూరు రోడ్డు మలుపు చూసుకోలేదు. కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

వీధిలో అతను ఎదురైతే రెబ్కా పక్క సందులోకి తిరిగిపోయేది. ఆదివారం చర్చికి వెళ్లేది గానీ, అందరూ కలిసి పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు 'మాకు తప్పు చేసినవాళ్లను మేం క్షమించినట్టు' అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నోరు పెగిలేది కాదు. ఏసు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే ప్రభు బల్ల రోజున పళ్లెం వస్తే, తను ముట్టకుండా పక్కామెకు అందించేది. కడుపులో ఇంత కోపం పెట్టుకుని ఎలా తీసుకోను అనుకునేది. ఎందుకు తీసుకోవడం లేదని పాస్టరు దానయ్య గారు ఒక్కసారీ అడగలేదు. మొన్న ఆదివారం మాత్రం ఆమె ఒకటి గమనించింది. మగవాళ్ల వైపు ఆఖరి చాప మీద కూర్చున్న కరుణాకర్ కూడా పళ్లెం పక్కకు జరిపేశాడు.

ఆ గురువారం కూలీలను తీసుకెళ్లే మొహిద్దీన్ బాషా ఆటో రిపేరుకొచ్చింది. పండిన కాయ పాడైపోతుందని రైతు తొందర పెడుతున్నాడు. కూలీలను కుదిర్చే మేస్త్రి శాంతి ఎవరెవరికో ఫోన్లు చేసింది. చివరికి వచ్చింది కరుణాకర్. అద్దె ఆటో తెచ్చుకుని సరుకులు తోలుతున్నాడు గానీ, పేటవాళ్లెవరూ అది ఎక్కరు.

ఆడవాళ్లు కదల్లేదు. అందరూ రెబ్కా వంకే చూశారు.

"ఇతన్నెవరు పిలిచారే?" అంది ఒకామె.

"ఇంకెవరూ దొరకలేదు, నన్నేం చెయ్యమంటావ్?" అంది శాంతి.

కరుణాకర్ దిగి దూరంగా నిలబడ్డాడు. "నేను వెళ్లిపోతా పిన్నీ. నువ్వున్నావని తెలిస్తే వచ్చేవాణ్ణి కాదు."

రెబ్కా అతని వైపు చూసింది. మనిషి బాగా చిక్కిపోయాడు. పాతికేళ్లవాడికి చెవుల దగ్గర జుట్టు నెరిసింది. అతన్ని తిట్టడానికి దాచుకున్న మాటలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. ప్రభువా, నా వల్ల కావడం లేదు, నువ్వే ఎక్కించు అనుకుంది లోపల. క్యారేజీ చంకన పెట్టుకుని వెళ్లి ఆటోలో కూర్చుంది.

"రండే, పొద్దెక్కుతోంది," అంది.

ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. పర్చూరు రోడ్డు మలుపు దగ్గర కరుణాకర్ ఆటోను నడక కన్నా నెమ్మదిగా పోనిచ్చాడు. రెబ్కా కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నం గట్టు మీద అందరూ క్యారేజీలు విప్పారు. కరుణాకర్ దూరంగా ఆటోలోనే ఉండిపోయాడు. రెబ్కా ఒక గిన్నెలో అన్నం, పప్పు కలిపి తీసుకెళ్లి సీటు మీద పెట్టింది.

"తిను. ఒకటడుగుతా, నిజం చెప్పు. మా మహిమ చివర్లో ఏమన్నా అందా?"

అతను తల వంచుకున్నాడు. "మిగతావాళ్లంతా దెబ్బలు తగిలి తలోవైపు పడున్నారు. నీళ్లడిగింది పిన్నీ. తల ఒళ్లో పెట్టుకుని తాగించా. 'అన్నా, భయమేస్తోంది, చెయ్యి వదలమాక' అంది. వదల్లేదు. ఊపిరి పోయేదాకా పట్టుకునే ఉన్నా. నీకు చెప్పాలని మీ గుమ్మం దాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయానో."

రెబ్కా అక్కడే నేల మీద కూలబడింది. తన బిడ్డ దిక్కులేకుండా ఒంటరిగా పోయిందని ఇన్నాళ్లూ కుమిలిపోయింది. చాలాసేపు ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. శాంతి మిగతావాళ్లను మెల్లగా చేలోకి తీసుకెళ్లిపోయింది.

కొంగుతో మొహం తుడుచుకుని రెబ్కా లేచింది. "నా కోపం ఇవాళ్టితో పోయిందని చెప్పలేను రా. రేపు మళ్లీ వచ్చిద్దేమో. వస్తే మళ్లీ దేవుణ్ణే అడుక్కుంటా. నువ్వు మాత్రం అన్నం తిను."

మర్నాడు బాషా ఆటో బాగై వచ్చింది. కూలీలు ఎక్కువ కావడంతో శాంతి రెండు ఆటోలూ పిలిచింది. రెబ్కా కరుణాకర్ ఆటోలో ఎక్కింది.