పాదుల్లో గుర్రపుడెక్క

పొద్దున నేను తోటకి వెళ్ళేసరికి గుంట ఖాళీగా ఉంది. నీళ్ళ మీద వెదురు చట్రాలు తేలుతున్నాయి గానీ, వాటిలో ఏడాదిగా పెంచుతున్న గుర్రపుడెక్క లేదు. అదంతా గట్టు పక్క వరసలో, చిన్నరసాల మామిడి చెట్ల పాదుల నిండా తడితడిగా పరిచి ఉంది.

నాలుగో చెట్టు కింద మా అక్క శారద కుచ్చిళ్ళు ఎగదోపుకొని ఆఖరి గంప బోర్లిస్తోంది. నిన్న సాయంత్రమే ఏలూరు నుంచి వచ్చింది.

"ఏరా భాస్కరం, పిందెలు రాలిపోతుంటే చూస్తూ కూచున్నావా? నాన్నయితే ఉగాది దాటనిచ్చేవాడా?"

తోట చూసుకునే వీరయ్య నా మొహం చూసి తల దించుకున్నాడు. "అమ్మాయిగారు పెద్దాయన చేసినట్టే చేద్దామన్నారండీ. తమరు ఆవిడకి చెప్పే ఉంటారనుకున్నాను."

నేను చెప్పలేదు.

పాదు చల్లగా ఉంటే పిందె నిలుస్తుందని నాన్న నమ్మకం. ఏటా ఎండ ముదిరే ముందు గుంటలో నడుములోతున దిగి, గుర్రపుడెక్క లాగి గట్టు మీదికి విసిరేవాడు. అక్కా నేనూ గంపలకెత్తేవాళ్ళం. ఉబ్బిన కాడలు మడమ కింద టప్పుమని పేలేవి. ఊదారంగు పూలు అక్క జడలోకి, నల్లటి వేళ్ళ నీళ్ళు నా మెడ మీదుగా చొక్కాలోకి. ఆ చల్లదనం ఇప్పటికీ నా వీపుకి తెలుసు. సంతోషం అనే మాట ఎక్కడ విన్నా నాకు ముందు గుర్తొచ్చేది ఆ తడి వాసనే. అప్పుడు కొండ మీద క్రోమైటు గని నడిచేది. మధ్యాహ్నం పేలుడు వినపడగానే నాన్న గట్టెక్కి క్యారేజీ విప్పేవాడు. మా వాచీ అదే.

గని మూతపడి ముప్పై ఏళ్ళయింది. తవ్విపోసిన మట్టి మాత్రం దిబ్బలుగా అక్కడే ఉంది. ప్రతి వానకీ కాస్త కరిగి మా గుంటలోకి దిగుతుంది. పరిశోధన చేస్తున్న మనోజ్ఞ అనే అమ్మాయి నిరుడు వచ్చి నీళ్ళు పరీక్ష చేయించింది. గని మట్టిలోంచి దిగిన క్రోమియం అనే విషలోహం ఉంది. గుర్రపుడెక్క దాన్ని వేళ్ళలోకి లాక్కుంటుందని, చట్రాల్లో పెంచి, నెలకోసారి తీసి, ప్లాస్టిక్ పట్టా పరిచిన గోతిలో వేయిస్తోంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్క ఫోన్ చేస్తూనే ఉంది. వానలు, ధరలు, మోకాళ్ళు, అన్నీ మాట్లాడుకున్నాం. ఈ సంగతి మాత్రం నా నోట రాలేదు. వింటే అక్క తట్టుకోలేదని నాకు నేను చెప్పుకున్నాను.

"అక్కా, అది ఎరువు కాదు," అన్నాను. మిగతాదంతా నిలబడే చెప్పాను. గంప చేత్తో పట్టుకునే వింది.

"అయితే నాన్న పరిచింది ఏంటి?"

అప్పుడే మనోజ్ఞ స్కూటీ దిగి, పాదులు చూసి నుదురు పట్టుకుంది. సంచీలోంచి రబ్బరు గ్లవుజులు తీసి తలా ఒక జత ఇచ్చింది. నలుగురం కలిసి పరిచినదంతా గంపలకెత్తి గోతికి మోశాం. ఒక కాడ నా కాలి కింద పేలింది. అక్క వెనక్కి తిరిగి చూడలేదు.

పని అయ్యాక అక్క మనోజ్ఞని అడిగింది. "కాయలు తినొచ్చా అమ్మా?"

"పోయినేడు చూశామండీ, భయపడేంత లేదు. అది వేళ్ళు దాటి పైకి పెద్దగా ఎక్కదు. మట్టిలో చేరితే మాత్రం ఓ పట్టాన పోదు."

"మా చిన్నప్పటిది కూడా ఇంకా ఉంటుందా?"

"ఉందో లేదో మూడడుగుల గొట్టం దింపి మట్టి తీస్తే తెలుస్తుంది. భాస్కరం సార్ వద్దన్నారు, వేళ్ళు దెబ్బతింటాయని."

అక్క నా వైపు తిరిగింది. "గేదెలు కొమ్ములతో కుమ్మినా చావని చెట్లురా ఇవి! చేతికర్రంత గొట్టానికి పోతాయా?"

"తెలుసుకుని ఏం చేస్తావే? నాన్నని అడగ్గలమా?"

"నాన్నకి తెలీదురా. తెలిస్తే చేసేవాడు కాదు. అందుకు ఆయన్నేమీ అనను, నిన్నూ అననివ్వను." గ్లవుజులు ఊడదీసి గట్టు మీద పడేసింది. "సెలవులకి నా మనవరాలు రోజా వస్తే ఈ మట్టిలోనేగా బొమ్మరిళ్ళు కట్టేది? నీకు తెలిసి ఏడాదైంది. నిరుడు కూడా కట్టింది. ఎవరి కోసం దాచావు?"

నీ కోసమే అందామనుకున్నాను. తట్టుకోలేనిదని నేననుకున్న మనిషి అప్పటికే చీర కొంగు నడుముకి బిగిస్తోంది.

నాలుగో చెట్టు పాదులో మనోజ్ఞ గొట్టం నిలబెట్టింది. పైన అడ్డంగా ఉన్న కమ్మీకి ఒక కొస అక్క పట్టుకుంది, రెండో కొస నేను. తిప్పుతూ అదిమాం. అడుగున్నర దిగి ఆగిపోయింది. ఇక దిగదులే అనుకున్నాను. ఆ అనుకోవడంలో ఎంత ఆశ ఉందో అర్థమై సిగ్గేసింది.

"బరువెయ్యరా, ఊరికే పట్టుకుంటావేంటి!" అంది అక్క.

బరువు వేశాను. కింద మట్టి మెల్లగా దారిచ్చింది.