సుసామిర్ కాటా మీద ఖర్బూజాల లారీ

పొద్దున్నే టీ తాగాక ఒముర్జాక్ చేసే మొదటి పని, పెరట్లోకి వెళ్ళి తన నాలుగు లారీల చుట్టూ ఒకసారి తిరిగి రావడం. వాటిలో ఒకటి చక్రాల్లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంది. దాని గేరుపెట్టెకు కావలసిన సామాను చలికాలం నుంచీ చైనా సరిహద్దులో లైన్లోనే ఉంది. ఇంకో రెండింటికి డ్రైవర్లు లేరు. ఒకడు రష్యా వెళ్ళిపోయాడు. రెండోవాడు ఓష్‌లోని పెద్ద కంపెనీ కొత్త లారీల్లో ఏసీ ఉంటుందని విని, పోయొస్తానని కూడా చెప్పకుండా అటు దూకేశాడు. నడుస్తున్నది నాలుగోది ఒక్కటే. దాన్ని నడిపేవాడు తుర్దాకున్.

ఒముర్జాక్ భార్య సైకాల్ వంటింట్లో రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చుని కంపెనీ వ్యవహారమంతా చూసేది. డీజిల్ రేటు పెరిగిందని ఒక ఫోన్లో వినేది, కిరాయి తగ్గించమని ఇంకో ఫోన్లో వినేది. రెండూ విని పిండి ఇంకాస్త గట్టిగా పిసికేది. ఆ వేసవికి వాళ్ళ ఆశంతా ఒకే బేరం మీద ఉంది. సుజాక్ పొలాల్లో పండిన ఖర్బూజాలను బిష్కెక్‌లో ఒక పెద్ద కొట్టుకు చేరవెయ్యాలి. కాయ చెడకుండా, లెక్క తగ్గకుండా.

ఆ దారిలో లారీ నడపాలంటే లైసెన్సు తర్వాత కావలసింది వాగుడు. సుసామిర్ లోయ చివర, కనుమ ఎక్కేముందు లారీలు తూచే కాటా ఉంది. లారీ బరువు, సరుకు బరువుతో పాటు డ్రైవరు మనసులో దాచుకున్న మాట బరువు కూడా దాని మీద పడుతుంది. పెళ్ళిరోజు మరిచిపోయి పెళ్ళాం దగ్గర నోరెత్తనివాడు బంగాళదుంపల బస్తా అంత ఎక్కువ తూగుతాడు. తోక్తోగుల్ వైపు ఒకాయన రెండో కాపురం పెట్టి చాలాకాలం దాచాడు. చివరికి కనుమ దిగుతుంటే లారీ ఇరుసు విరిగింది. బరువు ఎక్కువైతే, ఎక్కువైనంత సరుకు అక్కడే దింపాలి. అందుకే కాటాకు కాస్త ముందున్న టీ గుడారం దగ్గర ఎప్పుడు చూసినా డ్రైవర్లు ఫోన్లు చెవికి ఆనించుకుని ఇళ్ళకు మాట్లాడుతూ కనబడతారు.

"ఏమే, మీ అమ్మ పంపిన జామ్ జాడీ పిల్లి పగలగొట్టలేదు. నేనే. సరే, ఇంటికొచ్చాక తిట్టు, ముందు కాటా దాటనీ."

కాబట్టి యజమానులందరూ వాగుడుకాయల కోసం వెతికేవాళ్ళు. నెమ్మదస్తులు, మాటకారులు కానివాళ్ళు లారీ ఎంత బాగా నడిపినా ఎవరికీ అక్కర్లేకపోయారు. ఒముర్జాక్ ఉద్యోగానికి వచ్చినవాడికి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చూస్తుండేవాడు. ఆ నిశ్శబ్దం భరించలేక ఎవడైతే చిన్ననాటి సంగతులు మొదలుపెట్టేవాడో వాడికి ఉద్యోగం. తుర్దాకున్ అయితే గిన్నె చేతికి అందకముందే మొదలుపెట్టాడు. అతను దారిలోంచి ఫోన్ చేస్తే సైకాల్ ఫోన్ పీట మీద పెట్టి, నూడుల్స్‌కి పిండి పరిచి, కోసి, మళ్ళీ ఫోన్ తీసేది. అతను ఇంకా చెబుతూనే ఉండేవాడు. అతని లారీ కాటా మీద ఎప్పుడూ కాయితాల్లో ఉన్నదానికన్నా తక్కువే తూగేది.

అలాంటివాడి లారీ ఆ ఏడాది ఖర్బూజాల మొదటి లోడుతోనే ఎక్కువ తూగింది.

కాటా అధికారిణి జూరా, యాభై దాటిన మనిషి, కిటికీలోంచి తల బయటపెట్టింది. "బైకే, ఇంట్లో అంతా బాగేనా?" అంది. పెద్దవాళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు.

"బాగే," అన్నాడు తుర్దాకున్.

అంతే, ఒక్క మాట. వెనక లైన్లో ఉన్న డ్రైవర్లు లారీలు దిగి మరీ వచ్చి అతని మొహం చూసి వెళ్ళారు.

ఆ రోజు ఎక్కువైన బరువుకు సరిపడా ఖర్బూజాలు కాటా పక్కన దింపారు. తర్వాతి లోడుకు ఇంకా ఎక్కువ దింపారు. ఆ తర్వాతి లోడుకు అక్కడి కుక్కలు ఖర్బూజా తినడం నేర్చుకున్నాయి. లారీ కనబడగానే తోకాడిస్తూ ఎదురొచ్చేవి. బిష్కెక్ కొట్టువాడు ఫోన్ చేసి, ఇంకొక్కసారి కాయలు తగ్గితే పని పెద్ద కంపెనీకి ఇచ్చేస్తానన్నాడు.

ఒముర్జాక్ లారీలోంచి స్పేర్ చక్రం తీసేశాడు. పనిముట్ల పెట్టె తీసేశాడు. తుర్దాకున్ కెటిల్ కూడా తీసేశాడు. అయినా లాభం లేకపోయింది.

"తుర్దాకున్‌ని పెద్ద కంపెనీవాళ్ళు పిలిచి ఉంటారు," అంది సైకాల్. "మనకు చెప్పలేక తూగుతున్నాడు."

"ఈసారి నేనూ వెళ్తాను. దారిలో అడుగుతాను."

"నువ్వెందుకు? నీ బరువొకటి అదనంగానా?"

ఒముర్జాక్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

దారంతా లారీలో ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎలా అడగాలో ఒముర్జాక్‌కి తెలియలేదు. యజమాని తనే అయినా తుర్దాకున్ తనకన్నా పెద్దవాడు, మాట ఎత్తడమే కష్టమైపోయింది. పైగా తుర్దాకున్ ఆ రోజు వింతగా నడుపుతున్నాడు. ముందు ఎండుగడ్డి లారీ ఒకటి పోతుంటే దాని వెనకే అతుక్కుపోయి నడిపాడు. గడ్డిపరకలు కిటికీలోంచి వచ్చి ఒముర్జాక్ మీసాల్లో చిక్కుకున్నాయి.

"బైకే, కాస్త దూరంగా పోనివ్వండి."

"గడ్డి వాసన నాకిష్టం," అన్నాడు తుర్దాకున్.

గడ్డి లారీ టీ గుడారం దగ్గర ఆగితే తనూ ఆగాడు. అది బయల్దేరితే తనూ బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆ గడ్డి లారీ వెనకే కాటా మీదకు ఎక్కించాడు.

కాటా ముఖం గోడ గడియారం కన్నా పెద్దది. లైన్లో ఆఖరివాడికి కూడా కనబడుతుంది. ముల్లు మెల్లగా లేచి, ఆగాల్సిన చోటు దాటి, ఇంకా పోయి, ఆ చివర ముల్లును ఆపే పుల్లకు తగిలి టక్కుమంది.

జూరా టీ గిన్నె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. లారీని కాదు, లోపలున్న ఇద్దరినీ చూసింది.

"ఇది దింపితే సగం కాయలు దింపాలి," అంది. "ఒక్కొక్కరూ దిగండి, చూద్దాం. ముందు మీరు, బైకే."

తుర్దాకున్ తడుముకుంటూ మెట్టు దిగాడు. ముల్లు కొంచెం వెనక్కి జరిగింది.

"మీరు ఎక్కండి. ఒముర్జాక్, ఇప్పుడు నువ్వు దిగు."

ఒముర్జాక్ దిగాడు. ముల్లు అంతకు రెండింతలు వెనక్కి వచ్చింది. లైన్లో నవ్వులు మొదలయ్యాయి.

"పెద్ద మూట యజమానిదే," అన్నాడొకడు.

"చెప్పేయ్ తమ్ముడూ, మా సరుకు పాలు. విరిగిపోతాయి."

"ప్రేమ వ్యవహారమైతే కాస్త వివరంగా చెప్పు. విరిగితే విరిగాయి."

ఒముర్జాక్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇక్కడెలా చెప్పను ఎజే? ముందు మా ఆవిడకు చెప్పాలి," అన్నాడు జూరాతో. అక్కలను ఎజే అంటారు. జూరా అతన్ని మళ్ళీ లారీ ఎక్కించి, తన ఫోన్ తీసి, నంబరు అడిగి, సైకాల్‌ని కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"సైకాల్," అన్నాడు ఒముర్జాక్, "లారీలన్నీ పెద్ద కంపెనీకి అమ్మేస్తానని మాటిచ్చాను. డ్రైవర్లు దొరకడం లేదు, సామాన్లు రావడం లేదు, నావల్ల కావడం లేదు. నీకూ చెప్పలేదు, తుర్దాకున్ బైకేకీ చెప్పలేదు. ఈ వయసులో ఆయన్ని ఎవరు పెట్టుకుంటారని."

ముల్లు గబగబా దిగింది. ఫోన్లో కాసేపు పిండి చరిచే చప్పుడు మాత్రం వినబడింది.

"నాకు తెలుసు," అంది సైకాల్.

"ఎలా తెలుసు?"

"నెలరోజులుగా నువ్వు మంచం మీద కూర్చుంటే నా వైపు పైకి లేస్తోంది. రాత్రుళ్ళు గోడ పట్టుకుని పడుకుంటున్నాను."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను. సంతకం పెట్టావా, చెయ్యి కలిపావా?"

"చెయ్యే కలిపాను."

"అయితే ఇంటికొచ్చాక మాట్లాడదాం. ఇప్పుడు కాయల సంగతి చూడు," అని ఫోన్ పెట్టేసింది.

స్టీరింగు వెనక నుంచి తుర్దాకున్ గొంతు వినబడింది. "నన్నొక్క మాట అడగకుండా అమ్మేస్తావా?"

"మీ కోసమే కదా బైకే చెప్పలేకపోయాను."

"నేను మాత్రం ఎవరికోసం నోరు మూసుకున్నాను?" తుర్దాకున్ నల్ల కళ్ళద్దాలు తీశాడు. రెండు కళ్ళలోనూ పాలపొర తెల్లగా మెరిసింది. "నాకు సరిగ్గా కనబడట్లేదు ఒముర్జాక్. శుక్లాలట. ఎదురుగా లైటు పడిందంటే అంతా పొగమంచే. చెబితే నన్ను ఆపేస్తావు. నేనాగితే నీ కంపెనీ ఆగిపోతుంది. అందుకని ముందు పోయే లారీ వెనక పట్టుకుని వెళుతున్నాను."

ముల్లు కాయితాల్లో ఉన్న బరువు దగ్గరికి వచ్చి నిలిచింది. లైన్లో ఎవరూ నవ్వలేదు. కనుమ మీద సొరంగం ఎలా ఉంటుందో వాళ్ళందరికీ తెలుసు. అందులో ఎన్నిసార్లు ఈ లారీకి ఎదురుపడ్డారో ఒక్కొక్కరూ మనసులోనే లెక్క వేసుకున్నారు.

గడ్డి లారీవాడు మాత్రం వెనక్కి నడిచొచ్చాడు. "పొద్దుట్నుంచీ వెంటబడుతుంటే ఏ పోలీసో అనుకున్నాను. రెండుసార్లు కావాలని దారి తప్పాను," అన్నాడు.

"అవును, నేనూ తప్పాను," అన్నాడు తుర్దాకున్.

బరువు సరిపోయింది, గేటు ఎత్తడమే తరువాయి. కానీ నడిపేవాడు లేడు. తుర్దాకున్‌ని ఇక స్టీరింగు ముట్టనిచ్చేది లేదన్నారు అందరూ. ఒముర్జాక్‌కి లారీలు కొనడం తెలుసుగానీ నడపడం రాదు, పైగా కనుమ వంపుల్లో కళ్ళు తిరుగుతాయి. మిగతావాళ్ళకు ఎవరి లారీలు వాళ్ళకున్నాయి. ఎండకు ఖర్బూజాల వాసన తియ్యగా, ఉండాల్సినదానికన్నా తియ్యగా వస్తోంది. కుక్కలు లారీ కింద చేరి కూర్చున్నాయి.

జూరా టీ గిన్నె కిటికీ గట్టు మీద పెట్టింది.

"బైకే, కొంచెం జరగండి," అని లారీ ఎక్కింది.

ముల్లు లేచింది. పొద్దున్నుంచీ ఎవరికీ లేవనంత వేగంగా లేచి, పుల్లకు తగిలి, అక్కడే వణుకుతూ నిలబడింది. అంతమందీ ఆ ముల్లు వంకే చూశారు. ఏళ్ళ తరబడి వాళ్ళందరి కడుపుల్లో మాటలూ బయటికి లాగిన మనిషి ఆమె. ఆమెను ఎప్పుడైనా ఎవరైనా తూచారా అంటే, లేదు. ఆమె కూర్చునే కుర్చీ కాటాకు ఇవతల ఉంటుంది.

ఎవరూ హారన్ కొట్టలేదు. పాల లారీవాడు కూడా కొట్టలేదు.

జూరా స్టీరింగు మీద చేతులు పెట్టి, ఎదురుగా కొండ మీదకు పోతున్న రోడ్డును చూస్తూ మాట్లాడింది. "గనిలో మట్టి లారీ నడిపేదాన్ని. దీనికి మూడింతలుండేది, చక్రమే నాకన్నా ఎత్తు. గని మూసేశాక ఇక్కడ కుర్చీ ఇచ్చారు. ఆడమనిషికి కుర్చీ పనే మంచిదన్నారు ఇంట్లో. నేనూ అందరితో అలాగే అన్నాను. మా అమ్మాయితో కూడా అన్నాను." గేరు కర్ర ఒకసారి కదిపి చూసింది. "మంచిది కాదు. వచ్చిన ప్రతి లారీనీ ఆపి, పోనిచ్చి, దాని వెనక దుమ్ము చూస్తూ కూర్చోవడం నాకు ఒక్కరోజు కూడా బాగాలేదు."

ముల్లు దిగింది. కాయితాల్లో ఉన్న బరువు దాటి ఇంకా కిందకు దిగింది.

"ఎంత చూపిస్తోంది?" అని అడిగాడు తుర్దాకున్, కళ్ళు చిట్లించి.

"తక్కువే," అన్నాడు ఒముర్జాక్.

లోపలి గదిలో నిద్రపోతున్న ఇంకో ఉద్యోగి ఇంత నిశ్శబ్దానికి మెలకువ వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. జూరా తన టోపీ తీసి కిటికీలోంచి అతని చేతికిచ్చింది.

"గేటు ఎత్తు బాబూ."

"ఎజే, ఎప్పుడొస్తారు?"

ఆమె కాస్త ఆలోచించింది. "నూడుల్స్ పొయ్యి మీద ఉన్నాయి. నా కోసం ఆగకు, తినేసెయ్."

కనుమ ఎక్కుతున్నంతసేపూ తుర్దాకున్ మాట్లాడాడు. వారాల తరబడి మింగినవన్నీ కక్కాడు. వైద్యుడు చెప్పినవి, చెప్పనివి, ప్రతి వంపులో ఏ ఏడాది ఎవరి లారీ ఎలా ఆగిపోయిందో, అన్నీ చెప్పాడు. ఒముర్జాక్ కళ్ళు గట్టిగా మూసుకుని ఊ కొట్టాడు. సొరంగంలో ఎదురు లైట్లు వచ్చినప్పుడు జూరా ఇద్దరినీ కాసేపు నోరుమూసుకొమ్మంది. అవతల దిగుడులో మాత్రం తనే ఏదో కూనిరాగం తీసింది.

బిష్కెక్ కొట్టులో కాయలు దించి లెక్కపెట్టారు. ఒక్కటీ తగ్గలేదు. పండు కోసి చూసిన కొట్టువాడు ఇంకో ముక్క కూడా కోసుకున్నాడు. అటునుంచి అటే తుర్దాకున్‌ని కంటి ఆసుపత్రిలో చేర్చారు. రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేస్తే సరిపోతుందని, ఇంతకాలం ఎందుకు రాలేదని వైద్యురాలు కోప్పడింది. తుర్దాకున్ ఆమెకు ఎందుకు రాలేదో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ఒముర్జాక్ మెల్లగా జారుకుని బయటికి వచ్చాడు.

మెట్ల మీద నిలబడి పెద్ద కంపెనీవాళ్ళకు ఫోన్ చేశాడు. కలిపిన చెయ్యి వెనక్కి తీసుకుంటున్నానని, తిడితే తిట్టమని అన్నాడు. వాళ్ళు తిట్టారు. అంతా విని, ఫోన్ జేబులో పెట్టుకుని లారీ దగ్గరకు వచ్చాడు.

జూరా అప్పటికే పక్క గోదాము మనిషితో మాట్లాడుతోంది. తోక్తోగుల్‌కి పిండి బస్తాలు పంపాలట, లారీ దొరకడం లేదట. బిష్కెక్ నుంచి తన లారీ ఏనాడూ ఖాళీగా తప్ప తిరిగి రాలేదని ఒముర్జాక్‌కి గుర్తొచ్చింది. హమాలీలు బస్తాలు ఎక్కించడం మొదలుపెట్టారు. జూరా చక్రాలను ఒక్కొక్కటీ కాలితో తన్ని చూసుకుంటూ లారీ చుట్టూ తిరిగి వచ్చింది. తాళంచెవి ఆమె వేలికే వేలాడుతోంది. ఆమె దాన్ని తిరిగి ఇవ్వలేదు. ఒముర్జాక్ అడగనూ లేదు.