కాలువ గట్టు మీద మైకు

సాగర్ కాలువలోకి మొదటిసారి నీళ్లు వదిలే రోజది. హాలియా దగ్గర కాలువ తవ్విన కూలీలు ఇంకా కాలువ లోపలే గుడిసెలు వేసుకుని ఉన్నారు. పొద్దుగూకేలోపు వాళ్లందరినీ గట్టెక్కించాలి. జీపుకు మైకు కట్టి చాటింపు వేసే పని నాకు అప్పగించారు. నా ఖర్మ కాకపోతే, సరిగ్గా ఆ రోజే ఆంప్లిఫయర్ మొండికేసింది.

మెల్లగా "హలో" అంటే పలుకుతుంది. గొంతు పెంచి "నీళ్లొస్తున్నయ్" అనబోతే గుర్రుమని ఆగిపోతుంది. మొదటి గుడిసెల ఎదురుగా గట్టు మీద జీపు ఆపించాను. ఫ్యూజు మార్చాను. వాల్వులు ఊడదీసి మళ్లీ గుచ్చాను. లౌడ్‌స్పీకర్‌కు కొత్త తీగలు వేశాను. ఊహూఁ.

"బ్యాటరీ జర సూడరాదే అన్నా," అన్నాడు డ్రైవర్ కాటమయ్య.

"నిన్ననే కొత్తది ఏసినవ్ గదరా. సెల్ఫు కొట్టంగనే బండి లేస్తాంది. దానికేం రోగం?"

మళ్లీ డబ్బా విప్పాను. పొద్దు వాలుతోంది. ఒళ్లు మండిపోయి తీగలన్నీ పీకేద్దామని జీపు బ్యాటరీకి తగిలించిన నా మైకు క్లిప్పు పట్టుకుంటే వేలు చురుక్కుమంది. లాగి చూస్తే కింద పచ్చగా మందపాటి ముద్ద.

"గిదేందిరా?"

"కొత్త బ్యాటరీ గదన్నా. పొద్దుగాల పూజ జేసిన. గా బొడిపెలకు గింత పసుపు వెట్టిన."

జీపు తీగలు నిన్ననే బిగించాడు కనుక వాటికేం కాలేదు. నా క్లిప్పులు మాత్రం ఎండిన పసుపును కరుచుకుని కూర్చున్నాయి. దాన్ని దాటుకుని వచ్చే కాస్త కరెంటు పెద్ద గొంతుకు చాలడం లేదు.

"నీ భక్తి పాడుగాను," అని కత్తితో గీకి క్లిప్పులు మళ్లీ పెట్టాను. మైకు ఖంగుమంది.

"కాలువల ఉన్నోళ్లంత పైకి రాండ్రి. నీళ్లొస్తున్నయ్."

ఎదుటి గుడిసెలోంచి బిక్షమ్మ అనే ముసలామె మేకపిల్లను చంకనేసుకుని గట్టెక్కి, నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏందయ్యా, పగటీలి సంది గీడనే ఉన్నవ్. గా డబ్బ గెలుక్కుంట కూసున్నవ్. దిగొచ్చి నోటితోని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండె? మా పోరగాండ్లు గుడిసెలల్ల నిద్రవోతుండ్రు. కొట్టుకపోయినంక చెప్దామనుకున్నవా?"

నా చేతిలోని మైకు ఆమె మాటలను కాలువ పొడవునా వినిపించింది. దూరపు గుడిసెల్లోంచి కూడా జనం గిన్నెలూ మూటలూ ఎత్తుకుని బయటికి రాసాగారు.

మైకు ఆమె చేతిలోనే పెట్టి, పిల్లల్ని ఎత్తుకురావడానికి కాలువలోకి దిగాను.